నాయన నానబెట్టిన పడవ

మొన్న మా ఆడపడుచు నా పుట్టినూరు శింగనమల నుంచి వస్తూనే, కాళ్ళయినా కడుక్కోకుండా చెప్పింది: చెరువుకట్ట మీద పార్కు కట్టి, మన పాత పడవకు నీలం రంగేసి నిలబెట్టారట, దాన్ని బాగుచేయించిన దాత అంటూ ఎవరో నాయకుడి పేరు బండమీద చెక్కించారట. ఆ సాయంత్రం దీపం పెట్టాను గానీ మనసు దేవుడి ముందు నిలవలేదు.

తొంభైల చివర, చెరువు నిండితే అవతలి పల్లెకు దారి మునుగుతుందని సర్కారు, లోపల చెక్క వాసాలున్న ఆ ఫైబర్ పడవ ఇచ్చింది. ఆ ఏటి నుంచే వానలు లేవు. మా నాయన ఎద్దులబండ్లు చేసే వడ్రంగి, నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన గురువు. ఎండిన బండిచక్రాన్ని నానబెడితే చెక్క ఉబ్బి బిగుస్తుందని ఎరిగినవాడు కనుక, పడవ పగలకుండా అందులో నీళ్ళు పోయమన్నాడు. బోరింగు దగ్గర కొట్లాడుకునే రోజుల్లోనూ ఇంటికో బిందె పోశాం. నాలుగేళ్ళకు నాయన లోపల కాలు పెడితే అడుగుచెక్క మోకాలిదాకా దిగబడింది. పైన ఫైబరు బాగానే ఉంది, లోపలి వాసాలు సంగటిలా మెత్తబడ్డాయి.

"ఏమన్నా, పడవకు కుడితి పెట్టి సాకినావా?" అన్నాడు చిన్నాయన.

"తప్పు నాది. నేనే బాగుచేస్తా" అన్నాడు నాయన.

కుళ్ళంతా తోడి, ఎండబెట్టి, తుమ్మ వాసాలు బిగించాడు. తాడిపత్రిలో లారీలకు ఫైబరు అతికే ఆయన దగ్గర పని నేర్చుకొని, చెక్కకు ఈసారి చుక్క నీరు తగలకుండా జిగురు పూశాడు. ఆ ఫైబరు నూగుకు చేతులు దద్దుర్లెక్కితే అమ్మ రోజూ ఆముదం రాసేది.

దేవుడి దయవల్ల చెరువు నిండింది. పడవ దింపేనాడు ఆ నాయకుడే వచ్చి రిబ్బను కత్తిరించి తానే చేయించానన్నాడు. నాయన వెనకెక్కడో నిలబడ్డాడు. పోయి చెప్పమని నేను పోరాను.

"చెప్తే, చెడగొట్టింది గూడా నేనేనని చెప్పల్ల కదమ్మా" అన్నాడు.

చెడగొట్టినవాడే బాగుచేసి నోరు మూసుకున్న కాలం అది. ఇప్పుడు చెయ్యి పెట్టనివాడి పేరు బండకెక్కుతుంది. నాయన లేడు. మీరెప్పుడైనా ఆ కట్టమీదికి పోతే బండ చదవకండి. వంగి, పడవలో కూర్చునే పీట కింద చెయ్యి పెట్టి ఆ తుమ్మ వాసాన్ని తడమండి, మా నాయనను ఒక్కసారి తలుచుకోండి.