తొమ్మిదో టోకెను

మా లెక్కల మాస్టారు గురువారం పొద్దున పోయారు. గుండె ఆగిందన్నారు. ఆయన చావులో నా తప్పుందని ఎవరూ అనలేదు. నేనే అంటున్నాను.

రొంపిచెర్ల బడిలో మాకు కంప్యూటరు కూడా ఆయనే చెప్పారు. ఉన్నదొక్కటే, అదీ సగం రోజులు పనిచేసేది కాదు. అందుకని అట్టముక్కల మీద అంకెలు రాసి, మా మెడల్లో వేలాడదీసి వరసలో నిలబెట్టేవారు. నాది రెండు, పక్కవాడిది పది. నేను ముందు నిలబడితే వెనక్కి లాగారు.

"నంబరని మనం చెప్పకపోతే మిషనుకి పదంటే ఏందో తెలవదురా. మొదటి అంకె చూసుద్ది. ఒకటితో మొదలైనయ్యన్నీ అయ్యాకే రెండు. డిక్షనరీలో మాటల్లాగా."

తప్పు చెప్పినా కొట్టేవారు కాదు. చాక్‌పీసు చెవి మీద పెట్టుకుని, మేం మళ్లీ ఆలోచించేదాకా కిటికీలోంచి చూస్తుండేవారు. ఈ రోజు నేను తింటున్న తిండి ఆయన పెట్టిన భిక్షే.

నరసరావుపేటలో నెలకోసారి జరిగే గుండె జబ్బుల క్యాంపుకి లిస్టు టైపు చేసేది నేను. పోయిన నెల అరవై మంది వచ్చారు. మాస్టారు పెందలాడే వచ్చి తొమ్మిదో టోకెను తీసుకున్నారు. టోకెన్ల వరసలో సర్దమని మిషనుకి చెప్పి, సరిచూడకుండానే ప్రింటు తీసి నర్సమ్మకిచ్చాను. ఒకటి తర్వాత పది, పదకొండు, అలా పడ్డాయి. తొమ్మిది అట్టడుగున పడింది. ఆమె పేర్లు పిలుచుకుంటూ పోయింది.

"పైరవీలున్నోళ్లకే ముందంట" అని జనం సణుక్కున్నారు. నేను తలెత్తకుండా టైపు చేసుకుంటూ పోయాను. యాభై తొమ్మిదో టోకెను అయ్యాక టైమైపోయిందని డాక్టరుగారు కారెక్కారు. ఆరు, అరవై, ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్లవాళ్లు మిగిలిపోయారు.

మాస్టారికి మధ్యాహ్నానికే సంగతి అర్థమైందట. "అప్పుడే చెప్పకపోయారా మాస్టారూ" అన్నాను సాయంత్రం.

"అంతమందిలో నీ తప్పని ఎట్టా చెప్పేదిరా? వచ్చే నెల చూపించుకుంటాలే. బాధపడమాక."

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సింది. ఆ మర్నాడే తీసుకెళ్లాల్సింది. ఆయన వచ్చే నెల అనగానే సరే అని ఊరుకున్నాను. అదే నన్ను తినేస్తోంది. ఈ నెల లిస్టులో ఆ ఐదుగుర్నీ ముందు పెట్టి, అందరికంటే పైన మాస్టారి పేరు టైపు చేశాను. గురువారం కబురొచ్చాక ఆ పేరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

నిన్న క్యాంపు. నర్సమ్మ గుమ్మంలోకొచ్చి మొట్టమొదట ఆయన పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. బెంచీల మీద వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపల డాక్టరుగారి ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రారమ్మా అని నేనే చెప్పాలి.

ఆమె మూడోసారి పిలిచింది.