తునికాకు కింద చేమంతి తోట

కామారెడ్డిలో నేను అద్దెకుంటున్న ఇంటి పక్కన ఒకామె బీడీలు చుడుతుంది. ఆమె తునికాకు నానబెట్టిన రోజు గోడ దాటి వచ్చే ఆ వగరు వాసన నా ముక్కుకు తగిలిందంటే ఇక ఆ పూట నేను వండే కూరలో ఉప్పు ఉండదు. చిన్ననాటి వాసనలంటే అందరూ మల్లెపూలనీ మామిడిపూతనీ చెబుతారు, చెప్పుకోనీండి, నాకు మాత్రం పూలతోట అనగానే గుర్తొచ్చేది నానిన తునికాకే. ఎందుకో చెప్పాలంటే మా బాపు సంగతి చెప్పాలి.

మాది ఎల్లారెడ్డికి దగ్గరి పల్లె. పోచారం ప్రాజెక్టు నీళ్లు కింది పొలాలకు పారేవి కానీ ఎత్తు మీదున్న మా ఎర్రమట్టి చెలకను ఎప్పుడూ పలకరించలేదు, వాన పడితే జొన్న, పడకపోతే పల్లేరు ముళ్లు. నాకు ఊహ తెలిసేసరికే బాపు దుబాయిలో ఉన్నాడు. ఊళ్లో మిగతా పిల్లల బాపులు అక్కడ మేడలు కడుతుంటే మా బాపు ఎడారిలో రోడ్ల పక్కన పూలమొక్కలు పెంచేవాడు. ఈ మాట బడిలో చెబితే ఎవరూ నమ్మలేదు. ఆయన పంపిన ఫొటోలో మాత్రం వెనకంతా ఎర్రటి, తెల్లటి పూలు జంపఖానా పరిచినట్టు ఉండేవి, ముందు నిలబడ్డ బాపు ముఖం మాడిన రొట్టెలా ఉండేది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆ ఫొటో వంక చూసి, "ఆడ ఇసుకల పూలు పూయిస్తడట, ఈడ మన మన్నుకేం రోగమొచ్చింది?" అనేది. అవ్వ మా అందరికీ వినబడేలా అన్నా, ఆ మాట దుబాయికే అన్నదని నాకు తెలిసేది.

నేను ఐదో తరగతి అయిన ఎండాకాలంలో బాపు సెలవు మీద వచ్చాడు. సూట్‌కేసు తెరవగానే ఇల్లంతా సబ్బులు, అత్తరు, ఖర్జూరం వాసన. వాడకట్టంతా వచ్చి తలా ఒక సబ్బు పట్టుకుపోయాక, రాత్రి అన్నం తింటూ బాపు నిమ్మళంగా, "చెలకల చేమంతి పెడ్త. దసరకు పూలు చేతికొస్తే ఇగ పోను," అన్నాడు. దసరా దాటితే ఆయన వీసా పనికిరాకుండా పోతుంది. అంటే పూలు పూస్తే బాపు ఇంట్లో ఉంటాడు, పూయకపోతే పోతాడు. ఇంత చిన్న లెక్క నాకు అర్థం కాకపోవడమేముంది, ఆ రోజు నుంచి దేవుడి పటం ముందు నేను చదువు గురించి అడగడం మానేశాను.

మృగశిర కార్తెలో, మిరుగు వానకు నారు నాటారు. తరవాత వాన మొహం చాటేసింది. పాత బోరు ఆగి ఆగి పోసే నీళ్లను బాపు సన్నటి పైపులకు సూదితో బెజ్జాలు పొడిచి, దుబాయి పద్ధతిలోనే మొక్క మొదట్లో చుక్కచుక్కగా పడేట్టు చేశాడు. అక్కడ ఇంకో పద్ధతి కూడా నేర్చాడు. ఖర్జూరపు మట్టల తుక్కు మొక్క చుట్టూ మందంగా పరిస్తే ఎండ నేలలోని తడిని తాగదట. మాకు ఖర్జూరపు మట్టలెక్కడివి? కానీ ఇంటింటా బీడీ ఆకు కత్తిరించగా పడిన తునికాకు తుక్కు గంపలకొద్దీ ఉండేది. బడి నుంచి రాగానే గచ్చకాయలాట కూడా వదిలేసి గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. అరుగుల మీద కత్తెర్ల చప్పుడు, తంబాకు ఘాటుకు తుమ్ములు, ఆ తుమ్ముల నడుమ ఊరి ముచ్చట్లు. మా ఎదురింటి రహమత్ బీ తన తుక్కంతా విడిగా సంచిలో నింపి ఉంచేది. "పూలు పూసినంక నీ బతుకమ్మ నా అంత ఎత్తు పేర్చాలె బిడ్డా," అనేది. అవ్వ ఆకు నానబెట్టిన గోధుమరంగు నీళ్లను కూడా పారబోయకుండా బిందెలో చెలకకు మోసేది.

శ్రావణం దాటేసరికి తోటంతా తునికాకు దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. చుట్టుపక్కల చేలల్లో మట్టి పెంకులు లేస్తుంటే మా మొక్కలకు మొగ్గలు తొడిగాయి. బాపు నా చేతిని ఆ తుక్కు కిందికి దూర్చి, "సల్లగున్నదా?" అని అడిగేవాడు. నిజంగానే చల్లగా ఉండేది. నేను అప్పుడే మనసులో పూలను తాంబాలంలో పేర్చేసి, సద్దుల బతుకమ్మ నాడు పంచే మలీద ముద్దల్లో బెల్లం ఎక్కువ వేయించాలని కూడా నిర్ణయించేశాను.

ఒక పొద్దున చూస్తే రెండు వరుసలు తల వాల్చాయి. నీళ్లు చాలలేదనుకుని బాపు పోశాడు. మర్నాడు ఇంకో నాలుగు వరుసలు వాలాయి. అప్పుడు ఒక మొక్క పట్టి లాగితే, గుంజాల్సిన పనే లేకుండా చేతికి వచ్చేసింది. వేరు లేదు. తుక్కు పక్కకు జరిపితే కింద తెల్లగా చెదలు. ఎండిన ఆకు, దాని కింద తడి, పైన నీడ, చెదలకు ఇంతకన్నా ఏం కావాలి? ఆకు కొరికి అవి వేళ్ల మీద పడ్డాయి. బాపు పని చేసిన ఇసుకలో చెదల బాధ ఎన్నడూ లేదట, మా మట్టి సంగతి ఆయన మరిచిపోయాడు. తుక్కంతా ఊడ్చి తగలబెట్టాం. కప్పు పోయిన నేలను ఎండ మిగతాది కాల్చేసింది, బోరు కూడా ఆ వారంలోనే గాలి పోసింది.

రహమత్ బీ చెలకకు వచ్చి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మా ఇంటి ఆకే చెదలకు తోటను తినిపిచ్చినట్టాయె గదనే అన్నా," అంది. బాపు, "నీ ఆకేం జేసిందమ్మా. నేనే ఈ మన్నును మరిచిన," అన్నాడు. ప్రతిదానికీ మాటకు మాట అనే అవ్వ ఆ రోజు ఖాళీ బిందె తీసుకుని ఇంటి దారి పట్టింది. నాకు అప్పుడు భయం వేసింది.

ఆ ఏడు మా బతుకమ్మను గునుగు పూలతో, దొరికినంత తంగేడుతో చిన్నగా పేర్చాం. సద్దులకు ముందే బాపు జీపెక్కాడు. "పోకు బాపు" అని ఏడిస్తే, "రెండేండ్లే బిడ్డా, బోరేసేతందుకు," అన్నాడు. ఆ రెండేళ్లు ఎంతకూ తెగలేదు. రెండు బోర్లు వేశారు, రెండింట్లోనూ దుమ్మే వచ్చింది. ఒకసారి ఫోన్లో, నువ్వు పెంచే పూలకు వాసన ఉంటుందా అని అడిగాను. "ఏమో బిడ్డా, వంగి చూడలే. నీళ్లు పోసుడే మా పని," అన్నాడు.

ఇప్పుడు ఆ చెలకలో ప్లాట్ల రాళ్లు పాతారు. అరుగులు పోయాయి, రహమత్ బీ పోయింది, అవ్వ పోయింది. బాపు మూడేళ్ల కింద పని చేతకాని ఒళ్లుతో తిరిగొచ్చి నా దగ్గరే ఉంటున్నాడు. సంబరపడతాడని ఒక చేమంతి కుండీ తెచ్చి ఆయన మంచం ఎదురుగా పెట్టాను. దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. నేను ఊరెళ్లి వచ్చేసరికి ఎండిపోయి ఉంది, పక్కనే నీళ్ల బకెట్ నిండుగా ఉంది.

మొన్న దసరాకు మాత్రం గుమ్మానికి ఏడాదంతా వేలాడే ప్లాస్టిక్ బంతిపూల దండ విప్పి, దుమ్ము పోయేదాకా కడిగి, ఒక్కో పువ్వూ వేళ్లతో సరిచేసి మళ్లీ తానే కట్టాడు. "ఇవి మంచియి బిడ్డా. నీళ్లడగయ్," అన్నాడు. చిన్నప్పుడు దేవుడి పటం ముందు నిలబడి నేను అడిగింది బాపు ఇంట్లో ఉండాలనే. ఉన్నాడు. పొద్దంతా ఆ దండ కిందే కుర్చీ వేసుకుని, రోడ్డు వైపు చూస్తూ ఉంటున్నాడు.