మీ ఇష్టం అన్నందుకు

శనివారం సాయంత్రం ఆరు కాగానే నా కాళ్ళు ఇప్పటికీ ఊరుకోవు. వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం నాది. శనివారం సెలవు. ఆ వేళకు బట్టలు ఆరేసి, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకొని, హాయిగా కాళ్ళు చాపుకోవాలి. చాపుకోను. వంటింట్లో మడమలెత్తి నిలబడి, లేని బంతిని నేలకు కొడుతూ స్టవ్ నుంచి సింకు దాకా వెళ్ళి వస్తుంటాను. కింద ఇంటావిడ ఒకసారి పైకొచ్చి, ఏమైనా పడిపోయిందా అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆరింటికి మా ఆట మొదలయ్యేది. మా అంటున్నాను గానీ, ఆ జట్టు ఇప్పుడు నాది కాదు.

ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు, అక్కడికి రైల్లో అరగంట దూరాన ఉన్న ఒక ఊరి క్లబ్బుకు బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. మహిళల రెండో డివిజన్. ఏలూరులో స్కూలు రోజుల నుంచీ ఆడుతున్నాను, యూనివర్సిటీ జట్టులోనూ ఆడాను. ఆడినందుకు జీతమిస్తారని మాత్రం ఇక్కడే చూశాను. పెద్ద జీతం కాదు, గది అద్దె కట్టుకోవడానికి సరిపోయేది. రెండు పేజీల కాంట్రాక్టు, ఒక్క సీజన్‌కే. మార్చిలో సీజన్ ముగిస్తే కాంట్రాక్టూ ముగుస్తుంది. ఆ తర్వాత ఆటగత్తె ఎవరికీ చెందదు. ఎవరు పిలిస్తే వాళ్ళకు సంతకం పెట్టొచ్చు, ఎవరూ పిలవకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. దీన్నే ఫ్రీ ఏజెన్సీ అంటారు. వినడానికి బాగుంటుంది.

నేను పొట్టిదాన్ని. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటూ మా పీఈటీ మాస్టారు చిన్నప్పుడే నన్ను గార్డుగా నిలబెట్టారు. బంతిని ముందుకు తీసుకెళ్ళి, ఎవరికి అందించాలో చూసి అందించే పని. జర్మనీలో ఏ ఆఫీసుకు వెళ్ళినా నా పేరును అక్షరం అక్షరం విడగొట్టి చెప్పుకోవాలి. క్లాసులో నోరు తెరిచే ముందు వాక్యాన్ని రెండుసార్లు మనసులో అనుకోవాలి. ఆ హాల్లో మాత్రం నేను చెయ్యెత్తితే, నాకంటే జానెడు పొడుగున్న నలుగురమ్మాయిలు కదిలేవారు. ఆ సంతోషం మరెక్కడా దొరకలేదు నాకు. ఇది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

రెండో సీజన్, ఫిబ్రవరిలో, మా కోచ్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడింది. పగలు స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి ఆమె, సాయంత్రాలు మాకు కోచ్. బంతులు పెట్టుకునే గదిలో రెండు కుర్చీలు వేసింది. నా వంతు వచ్చింది.

"వచ్చే సీజన్‌కి నీ ఆలోచనేమిటి? మాతో ఉంటావా?" అని అడిగింది.

ఉండాలని ఎంతగా ఉందంటే, అది నోటితో చెప్పడానికి సిగ్గేసింది. మనవాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు భోజనానికి కూర్చోమంటే మొదట "ఇప్పుడే తినొచ్చామండీ" అంటాం. రెండోసారి "ఎందుకండీ మీకు శ్రమ" అంటాం. మూడోసారి చెయ్యి పట్టుకొని లాగితే అప్పుడు కూర్చుంటాం. ఆకలి మొదటి నుంచీ ఉంటుంది. నేనూ అదే పద్ధతిలో, "మీ ఇష్టం. నావల్ల ఉపయోగం ఉందనుకుంటే చూద్దాం. లేకపోయినా ఫర్వాలేదు" అన్నాను. ఎంతో వినయంగా, జర్మన్‌లో మాట మాటా కూర్చుకొని మరీ అన్నాను.

ఆమె "సరే" అని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. రెండోసారి అడుగుతుందని నేను కూర్చునే ఉన్నాను. ఆమె లేచి తలుపు తీసింది. బయట తరువాతి అమ్మాయి నిలబడి ఉంది.

మార్చిలో సొంత హాల్లో చివరి ఆట. గెలిచాం. ఆట అయ్యాక మైకులో ముగ్గురి పేర్లు పిలిచారు, అందులో నాదొకటి. మధ్యలో నిలబెట్టి చేతికో పూలగుత్తి, ఫ్రేము కట్టించిన జట్టు ఫొటో ఇచ్చారు. జనం లేచి నిలబడి చప్పట్లు. నాకు సన్మానం చేస్తున్నారనుకున్నాను. శాలువా ఒక్కటే తక్కువైంది. నాలుగు వైపులా తిరిగి, చేతులు జోడించి, ఉన్న పళ్ళన్నీ చూపిస్తూ దణ్ణాలు పెట్టాను. అక్కడికక్కడే అమ్మకు ఫొటో పంపాను. అమ్మ మరునాడు చర్చిలో లేచి, దేవుడు నా బిడ్డను పరాయి దేశంలో హెచ్చించాడని సాక్ష్యం కూడా చెప్పేసింది.

డ్రెస్సింగ్ రూములో మా జట్టులో సెంటర్ స్థానంలో ఆడే అమ్మాయి నన్ను కావలించుకొని ఏడ్చింది. "ఏ జట్టుకు వెళ్తున్నావు? చెప్పనేలేదు" అంది.

"ఎక్కడికీ వెళ్ళడం లేదే" అన్నాను.

ఆ అమ్మాయి నా చేతిలోని పూలను చూసింది, నన్ను చూసింది. ఇక్కడ సీజన్ చివర పూలిచ్చేది వెళ్ళిపోయేవాళ్ళకేనని అప్పుడు చెప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కోచ్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె హాల్లో కుర్చీలు మడుస్తోంది. నాకు ఉండాలని ఉందన్నాను. ఆమె చేతిలోని కుర్చీని కింద పెట్టింది.

"నువ్వే కదా ఫర్వాలేదన్నావు? నీకు పట్టింపు లేదనుకున్నాను. ఉండాలనుకున్న వాళ్ళు ఉంటామని చెప్పారు. నీ చోటికి వేరే అమ్మాయి శుక్రవారం సంతకం పెట్టింది."

"మీరు ఇంకోసారి అడుగుతారనుకున్నాను."

"ఎందుకు?" అంది. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఇద్దరం కలిసి మిగతా కుర్చీలు మడిచాం.

ఆ పూలు ఏం చేయాలో తెలియక రైల్లో ఒళ్ళో పెట్టుకొని గదికి వచ్చాను. నా రూమ్మేట్ వరంగల్ పిల్ల. అంతా విని నెత్తి కొట్టుకుంది.

"ఆమె అడిగింది గదనే! ఉంట అని చెప్పనీకి నీకేమైంది? మొహమాటానికి పోతే కడుపొచ్చిందట, గట్లుంది నీ కత. వీసా అపాయింట్‌మెంట్ దొరకకుంటే పది మెయిల్స్ కొడ్తవ్. నోటితోని ఒక్క మాట అననీకి రాకపాయె?"

"అర్థం చేసుకోవచ్చు కదే ఆవిడ" అన్నాను.

"ఎట్ల చేసుకుంటది? ఆమె ఏమన్న మీ మేనత్తనా?"

తర్వాత నేను అలిగాను. జర్మనీలో అలిగితే వచ్చే నష్టమేమిటంటే, అలిగినట్టు ఎవరికీ తెలియదు. నెల రోజులు కోచ్ ఫొటోలకు లైక్ కొట్టకుండా నన్ను నేనే శిక్షించుకొని, చివరికి బుద్ధి తెచ్చుకొని వేరే క్లబ్బులకు రాయడం మొదలుపెట్టాను. ఏజెంటు లేడు, నా ఆట వీడియోలు నేనే కత్తిరించి పంపేదాన్ని. కెమ్నిట్జ్ దాటి ఒక ఊళ్ళో ట్రయల్స్‌కి వెళ్ళొచ్చాను. బాగా ఆడావన్నారు, గార్డులు ఉన్నారన్నారు. మే పోయింది, జూన్ పోయింది. లీగ్ వెబ్‌సైట్‌లో నా పేరు పక్కన క్లబ్బు పేరుండాల్సిన చోట ఖాళీగా ఉండేది. రోజూ పొద్దున్నే తెరిచి చూసేదాన్ని, నాకు తెలియకుండా ఎవరో నింపి ఉంటారన్నట్టు.

థీసిస్ అయిపోయిన జూలైలోనే వోల్ఫ్స్‌బర్గ్ నుంచి ఉద్యోగం వచ్చింది. వారంలో సంతకం పెట్టాలి, సెప్టెంబరు ఒకటిన చేరాలి. ఆరు రోజులు ఫోను పక్కనే పెట్టుకొని అన్నం తిన్నాను. ఏ కోచ్ నుంచీ ఫోను రాలేదు. ఏడో రోజు పెట్టాను సంతకం. అమ్మ మళ్ళీ సాక్ష్యం చెప్పింది, ఈసారి సరైన దానికే.

ఆగస్టు చివర, సామాను సర్దుకుంటుంటే ఫోను మోగింది. కోచ్.

"కొత్తమ్మాయికి నిన్న ప్రాక్టీస్ ఆటలో మోకాలి లిగమెంట్ తెగింది" అంది. "క్రిస్మస్ దాకా గార్డు కావాలి. మొదట నీకే ఫోను చేస్తున్నాను. మన ఆట నీకు తెలుసు. నువ్వు రావాలని నాకుంది. వస్తావా?"

మంచం మీద కూర్చుండిపోయాను. ఇంత సూటిగా అడిగితే బాగుండునని అన్ని నెలలూ కలగన్నాను, ఇప్పుడామె అలాగే అడిగింది! ఒక్క క్షణం హాలు వాసన కూడా వచ్చింది ముక్కుకు, రబ్బరూ చెమటా. తర్వాత లెక్కలు వచ్చాయి. క్రిస్మస్ దాకా ఆడితే, ఆ తర్వాత? మళ్ళీ ఎవరికీ చెందని మనిషిని. ఇక్కడ నిలబడాలంటే నాకు స్థిరమైన ఉద్యోగం కావాలి, అది చేతికొచ్చింది, మాటిచ్చాను, సంతకం పెట్టాను. రెండూ చేద్దామంటే రెండు ఊళ్ళకీ మధ్య సగం దేశం ఉంది.

"కోచ్, నాకు రావాలని ఉంది" అన్నాను. "చాలా ఉంది. అప్పుడు ఫిబ్రవరిలోనూ ఉంది. కానీ ఉద్యోగానికి సంతకం పెట్టాను. రాలేను."

అంత తిన్నగా ఆమెతో నేను మాట్లాడడం అదే మొదటిసారి. మాటలు వరుసగానే వచ్చాయి.

"ఈసారి స్పష్టంగా చెప్పావు. థాంక్స్" అంది. ఉద్యోగంలో అంతా మంచి జరగాలంది. ఇంకొకరికి ఫోను చేయాలి, టైము లేదంది. ఆ గొంతులో కోపం లేదు, బాధ ఉందో లేదో నాకు తెలియలేదు.

నేను ఫోను చెవికి అలాగే పట్టుకొని కూర్చున్నాను. రాలేనని చెప్పింది నేనే, ఆ చెప్పింది నిజమే. అయినా ఇంకొక్కసారి అడిగి ఉంటే వెళ్ళిపోయేదాన్ని.