గుమ్మం దాటని కార్డు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఫోన్లో మెసేజీగా వచ్చింది. విజయనగరం బస్‌స్టాండులో నిలబడి చదివాను. రెండు మాటలు, కింద దండం పెడుతున్న బొమ్మ. చదవగానే నా చేతులు చింపడానికి కాగితం కోసం వెతుక్కున్నాయి. ఫోన్ని ఏం చింపుతాం! అలాగే సంచిలో వేసుకుని ఇంట్లోకి తెచ్చేశాను. అత్త చూసి ఉంటే తిట్టేది.

అత్తది సాలూరు. మావ లారీ డ్రైవరు. రాయపూర్ వైపు సరుకు వేసుకెళ్తే వారాల తరబడి మనిషి రాడు, కార్డులు మాత్రం వచ్చేవి. ఆయన తండ్రి ఎప్పుడో రంగూన్ రేవులో పనికి పోయి రాసిన ఉత్తరాలు మొదలుకుని, ఆ ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్నీ అత్త ఒక రేకు పెట్టెలో దాచింది. ఆమెకు పిల్లలు లేరు. తన తర్వాత ఇవన్నీ చెదలకే అనుకుంటున్న రోజుల్లో, విశాఖపట్నం ఆర్కైవ్స్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి, పాత కుటుంబాల ఉత్తరాలు భద్రం చేస్తామని అడిగింది. అత్త పెట్టె ఇచ్చేసింది. తాళంచెవి మాత్రం కొంగుకే ఉంచుకుంది. ఇచ్చేసిన పెట్టెకి తాళంచెవి ఎందుకంటే, ఉండనీ అంది.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి అయోమయంగా ఫోన్ చేసింది. ఉత్తరాల్లో పెళ్లిళ్లున్నాయి, పురుళ్లున్నాయి, వానలు, ఎడ్ల బేరాలు, అలకలు అన్నీ ఉన్నాయి, చావు మాత్రం ఒక్కటీ లేదట. కొన్ని ఉత్తరాలు ఎక్కడైనా పోయాయేమోనని అడిగింది. అత్తకి నవ్వొచ్చింది.

"పోనేదమ్మా, సింపేసినాం. సావు కార్డు గుమ్మం దాటి లోనికి రాకూడదు. బయటే సదివి, బయటే సింపీయాలి. ఆ పెట్లో ఒక్కరూ సావనేదు."

మా వైపు చాలా ఇళ్లలో అంతే. కానీ అత్తకి అది మరీ పట్టింపు. పోస్టుమాన్ సైకిల్ గంట వినపడితే వీధిలోకి వచ్చేసేది. కరెంటు బిల్లయినా సరే, అరుగు మీద నిలబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివాకే లోపలికి. నా పెళ్లి శుభలేఖకీ అదే మర్యాద జరిగింది. నాలుగు మూలలా పసుపు కనపడుతుంటే ఇంకా అనుమానమేమిటని కోప్పడ్డాను. పసుపు ఎవరైనా రాస్తారులే అంది. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, గోంగూర ఒలుస్తూ, తనంతట తనే చెప్పింది. మావ పోయిన కబురు కార్డు మీదే వచ్చిందట. తోటి డ్రైవరు రాశాడు. అప్పటికే అక్కడే దహనం కూడా అయిపోయింది. అత్త అరుగు మీద చదివింది, చింపింది. లోపల అత్తగారూ ఆడపడుచులూ అన్నాలు తింటున్నారు.

"తిననీ అనుకున్నానే. ఆల్లు సేతులు కడుక్కున్నంతవరకూ అక్కడే నిలబడ్డాను. ఆ కాసేపూ మీ మావ లేడని నాకొక్కర్తికే తెల్సు."

అని మళ్లీ గోంగూర ఒలుచుకుంది.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని ఆర్కైవ్స్‌కి వెళ్లింది. తన ఉత్తరాలు తను చూసుకోడానికి చేతులు కడుక్కుని రమ్మంటే ముఖం ముడుచుకుంది గానీ, వెళ్లి కడుక్కుంది. మావ ఆఖరి కార్డు తెచ్చి తెల్లటి గుడ్డ మీద పెట్టారు. తనకి చదవడం వచ్చు, అయినా నన్ను చదవమంది. వచ్చే వారం సరుకు దించేసి వస్తాను, నిమ్మకాయ ఊరగాయ ఉంచు అని ఉంది.

"ఏటన్నాడు?" అంది, ఏమీ తెలియనట్టు.

"వస్తానన్నాడు అత్తా."

"అదీ," అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయింది.

పెద్దకర్మ అయ్యాక ఆర్కైవ్స్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఉత్తరాలు రాసినవాళ్లదీ, అందుకున్నవాళ్లదీ పట్టిక తయారవుతోందట. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. పోయిన సంవత్సరం గడులన్నీ అత్త ఖాళీగా ఉంచమందట. కనీసం అత్తదైనా రాసుకోవచ్చా అని అడిగింది పాపం. నాకు రాయించాలని ఎంత ఉందో చెప్పలేను. పిల్లలు లేని మనిషి. ఇల్లు రేపో మాపో అమ్మేస్తారు. ఇలాంటి మనిషి ఒకర్తి ఉండేదనీ, పోయిందనీ లోకంలో రాసి ఉండడానికి ఆ ఒక్క గడే మిగిలింది. అదీ లేకపోతే నా అత్త ఎటు పోయినట్టు? చివరికి ఖాళీగానే ఉంచమన్నాను.

మర్నాడు సాలూరు వెళ్లాను. పోస్టాఫీసులో ఒక కార్డు కొని, అత్త పోయింది అని రాశాను. తాళం వేసున్న ఇంటి అరుగు మీద నిలబడి ఒకసారి చదివి, చిన్న చిన్న ముక్కలుగా చింపేశాను. ఫోన్లో మెసేజీ కూడా అక్కడే తీసేశాను. ఇక లోపలికి వెళ్లి చెప్పాలి. చెప్పడానికి లోపల ఎవరూ లేరు. అయినా, అన్నాలు తింటున్నవాళ్లు చేతులు కడుక్కునేంతసేపు, తలుపు దగ్గర ఆగాను.