మొసలి మీద వేసిన నింద

థర్మల్ ప్లాంటుకు మూడో చిమ్నీ లేస్తున్న ఏడాది అది. మా రాయచూరు దిక్కున ఏళ్లను ఇలాగే గుర్తు పెట్టుకుంటాం. మొదటి చిమ్నీ లేచినప్పుడు పెద్దవాడు పుట్టాడు, రెండో చిమ్నీ నాడు బావి ఎండింది అంటాం. అప్పటికి నేను అటవీ శాఖలో గార్డును. నా వంతుకు వచ్చింది కృష్ణానది. అడవి శాఖవాడికి నదిలో ఏం పని అని చాలామంది అడిగేవారు. మొసలి కూడా చట్టం కాపాడే జంతువే, దాన్ని చంపినా జైలే అని చెబితే నమ్మేవారు కాదు.

ఈ పని నేను శిక్షణలో నేర్చుకున్నది కాదు. మాది యరగేర. ఊళ్లో చేను ఉన్నా మా నాన్న కాలు నిలిచింది నది ఒడ్డునే. తోలు కోసం మొసళ్లను పట్టేవాడు. హైదరాబాదు నుంచి బేపారీ వచ్చి ఉప్పు పట్టించిన తోళ్లను తీసుకుపోయేవాడు. తరువాత చట్టం వచ్చి వేట నేరమైంది. నాన్న గాలాలను గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు. కొన్నాళ్లకు అదే శాఖవాళ్లు నన్ను వాచర్‌గా తీసుకుంటే, దొంగ చేతికి తాళాలిచ్చారని ఊళ్లో నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. "దొంగకు తెలిసినంత తాళమేసెటోనికి తెలుస్తదా?" అన్నాడు.

వేట రోజుల్లో నాన్న గాలం వేసే ముందు అవతలి ఒడ్డున రాయి మీద కూర్చుని ఊరికే చూసేవాడు. నన్నూ కూర్చోబెట్టేవాడు. మొసలి ఏం చేస్తోందో కాదు, అది ఎవరిని చూస్తోందో చూడమనేవాడు. ఏ బర్రె ఏ వేళకు నీళ్లకు వస్తుంది, ఏ ఆడమనిషి ఏ బండ మీద బిందె దించుతుంది, అదంతా మొసలికి మనకంటే బాగా తెలుసట. "అది నిన్ను చూడదురా, నీ అలవాటును చూస్తది. రోజు ఒక్క బండ మీదనే కూచోకు" అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు: కనబడే మొసలికి కాదు, కనబడని మొసలికి భయపడాలని. వేటాడే మొసలి చప్పుడు చేయదు.

ఆ ఎండాకాలం మా రేంజ్ ఆఫీసర్ నన్ను పిలిచాడు. కన్నడం ఆయన మాతృభాష, మనిషి మంచివాడు. ప్లాంటుకు దిగువన ఒక ఊళ్లో స్నానానికి పోయిన మనిషిని మొసలి తీసుకుపోయిందని కబురొచ్చిందన్నాడు. "నువ్వు పోయి చూసి ఏది నిజమో అది చెప్పు. నువ్వు చెప్పిందే నేను పైకి చెబుతాను" అన్నాడు. ఆ మాట బరువు నాకు అక్కడికి పోయాక తెలిసింది. ఊరి పేరు ఇక్కడ చెప్పను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

పోయినవాడి పేరు తిమ్మప్ప. భార్య నరసమ్మ. ఆమె తండ్రి ఆ రేవులో పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. మగపిల్లలు లేరు గనుక తిమ్మప్పను ఇల్లరికం తెచ్చుకున్నాడు. మామ పోయాక అల్లుడు పుట్టి ముట్టలేదు. ప్లాంటులో కంట్రాక్టరు కింద బొగ్గు దించే పనికి పోయేవాడు. పుట్టి ఒడ్డున బోర్లా పడి ఉంది, తారు పగిలి కోళ్లు దాని కింద పడుకుంటున్నాయి.

నేను వెళ్లేసరికి ఊరంతా రేవులోనే ఉంది. పనికిమాలినవాడని మొన్నటిదాకా తిట్టినవాళ్లే తిమ్మప్ప ఎంత మంచివాడో చెబుతున్నారు. చచ్చినవాడి కళ్లు చేరెడు అని ఊరికే అనలేదు. నలుగురు కుర్రాళ్ల చేతుల్లో క్వారీ నుంచి తెచ్చిన తూటాలున్నాయి. బండలు పగలగొట్టే మందు అది. నీళ్లలో వేస్తే మొసలే కాదు, చేప కూడా మిగలదు.

ఊరి పెద్ద, అక్కడ గౌడ అంటారు, నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"నువ్వొచ్చెదాంక ఆగమన్న సారు. ఇగ ఎక్కువ ఆగరు. గీ మొసలి ఈ నెలల ఇద్దరిని తరిమింది, ఒక మేకను గుంజింది. ఇప్పుడు మనిషి రుచి చూసింది."

"శవం దొరికిందా?"

"యాడ దొరుకుతది? గడ్డితోటి బొమ్మ చేసి కాల్చాలె. ఎల్లుండి ఆ పిల్ల గాజులు తీస్తరు. నువ్వు అవునంటే రెండు పనులు అయిపోతయి."

రెండు పనులంటే మొసలిని పేల్చడం, నరసమ్మను విధవను చేయడం. రెండూ నా ఒక్క మాట మీద ఆగి ఉన్నాయి.

ముందు మొసలి సంగతి చూద్దామని ఒడ్డు వెంబడి పోయాను. మొసలి జారి నీళ్లలోకి దిగినప్పుడు బురదలో నున్నటి గాడి పడుతుంది. దాన్ని మేం స్లైడ్ అంటాం. స్లైడ్‌కు రెండు వైపులా కాళ్ల గుర్తులుంటాయి, నడుమ తోక గీసిన గీత ఉంటుంది. రేవుకు కొంత దూరంలో అలాంటి స్లైడ్ ఒకటి కనిపించింది. పాతబడనిది. దాని పైన ఇసుక దిబ్బ. నేను దిబ్బ వైపు నాలుగడుగులు వేశానో లేదో, పొదలోంచి మొసలి నోరు తెరుచుకుని బుసకొడుతూ నా మీదికి వచ్చింది. వెనక్కి ఉరికాను. అది ఒకచోట ఆగిపోయింది. ఇంకో పక్క నుంచి పోయి చూశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ అంతే దూరంలో ఆగింది.

నాన్న మాట గుర్తొచ్చింది. ఇది వేట కాదు, కాపలా. దిబ్బలో గుడ్లున్నాయి. ఇద్దరిని తరిమిందంటే ఆ ఇద్దరూ దిబ్బ దగ్గరికి పోయి ఉంటారు. అయినా తల్లి మొసలి మనిషిని పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు, నేనూ ఇవ్వను. కాబట్టి తిమ్మప్ప దిగిన చోటు చూడక తప్పదు.

అంగీ, పంచె ఒక రాయి మీద అలాగే ఉన్నాయి. భయంతో అటు ఎవరూ పోలేదు గనుక బురద చెదరలేదు. కుడి బొటనవేలు పక్కకు విరిగినట్టున్న పాదం అచ్చులు నీళ్లలోకి దిగాయి. మోకాటి లోతులో మొసలి పడితే మనిషి కాళ్లు ఊరుకోవు. మడమలు గుచ్చుకుంటాయి, ఒడ్డు దున్నినట్టు అవుతుంది. ఇక్కడ అదేమీ లేదు. నేను ప్యాంటు మడుచుకుని నీళ్ల అంచునే దిగువకు నడిచాను. బండల మలుపు దాటితే రేవు కనబడదు. అక్కడ సన్నటి బురద పట్టీ మీద అదే బొటనవేలు నీళ్లలోంచి బయటికి వచ్చింది. ఒక రాయి దాకా పోయింది. రాయి అవతల నుంచి చెప్పుల అచ్చులు, ప్లాంటు రోడ్డు వైపు.

మొసలి నోట్లో పడ్డవాడు చెప్పులేసుకుని గట్టెక్కడు. మొదట నాకు సంతోషమే కలిగింది, మొసలి బతికింది కదా అని. ఆ రాయి మీద కూర్చున్నాక కోపం వచ్చింది. ముందే బట్టలూ చెప్పులూ ఇక్కడ దాచిపెట్టుకుని, ఊరు ఏడ్చేటట్టు చేసి, గుట్టు చప్పుడు కాకుండా పోయాడు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. నరసమ్మ బండల మీద నిలబడి ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. ఏడ్చిన మొహం కాదు.

"చూసినవా సారు?" అంది.

"నువ్వు ముందే చూసినవామ్మా?"

"అడుగులు చూడలే. తంబాకు సంచి లేదు." ఇంకా దగ్గరికి వచ్చింది. "తానానికి పొయ్యెటోడు సంచి అంగీ మీద పెట్టి పోతడు. తంబాకు తడిస్తె దేనికి పనికొస్తది? అంగీ ఉన్నది, పంచె ఉన్నది, సంచి లేదు. ఆ దినమే తెలిసింది నాకు."

"మరి ఎవరికి ఎందుకు చెప్పలేదు?"

"మొసలి తిన్నదంటే ఊరంత నా ఇంటి ముందర కూచొని ఏడ్చింది. గౌడసాని రొట్టెలు పంపింది. ఇడిసిపెట్టి పోయిండంటే అదే నోటితోటి ఏమంటరో నీకెరికె లేదా? ఇదేం తక్కువ చేసిందో అంటరు." మళ్లీ తనే అడిగింది. "మొసలే అని చెప్పు సారు. నీకేం పోతది?"

ఆమె అడిగినదాంట్లో అన్యాయం ఏముందో నాకు వెంటనే తోచలేదు. పోయినవాడు ఎలాగూ పోయాడు. విధవకు ఊళ్లో జాలి ఉంది, మొగుడు వదిలేసినదానికి అది కూడా లేదు.

"నేనట్ల చెప్తే దాన్ని ఇయ్యాలనే పేలుస్తరు" అన్నాను. "నీ గాజులు గూడ తీస్తరు."

"గాజులదేముంది."

దూరంగా దిబ్బ మీద మొసలి కనబడుతోంది. ఇసుక మీద గడ్డం ఆనించి పడుకుంది. గుడ్ల సంగతి చెప్పాను. పిల్లలు లోపల నుంచి కూస్తే తల్లి ఇసుక తవ్వి, వాటిని నోట్లో పెట్టుకుని నీళ్లకు తీసుకుపోతుందని చెప్పాను.

నరసమ్మ అటు చూసింది. "మగది యాడున్నది?" అని అడిగింది.

"కొన్ని దగ్గర్లనే ఉంటయి. ఇది మాత్రం ఒంటిది. దాని జత నాకెక్కడా కనబడలే."

అప్పుడు నవ్వింది. నవ్వే సమయం కాదని ఆమెకూ తెలుసు. "వాని పాపం దీని మీదెందుకులే. పా సారు" అని ముందు నడిచింది.

రేవులో గౌడ ముందు నేను చూసింది చూసినట్టు చెప్పాను, రండి చూపిస్తానన్నాను. తూటా పట్టుకున్న కుర్రాడు ఒప్పుకోలేదు. "చెప్పులు ఎవనియన్న అయితయి. ఫారెస్టోళ్లకు మనిషికంటె మొసలే ముద్దు" అన్నాడు. నలుగురూ అవునన్నారు.  బొటనవేలు గుర్తు నాకు చదువు, వాళ్లకు బురద.

నరసమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"మీలో ఎవరన్న తంబాకు సంచి నడుముకు కట్టుకొని తానం చేస్తరా?"

మగవాళ్ల చేతులు వాటంతట అవే మొలలోని పొగాకు సంచుల మీదికి పోయాయి. 

"వాని సంచి యాడున్నదో చూపియ్యుండ్రి. అంగీ మీద లేదు, ఇంట్ల లేదు. వాడు నన్ను ఇడిసి పోయిండు. మొసలి ఏం చెయ్యలే."

ఆమె తల్లి అప్పుడు ఏడ్చింది. అల్లుడు చచ్చాడన్నప్పటికంటే గట్టిగా ఏడ్చింది. గౌడ తూటాలు తీసుకుని తన దగ్గర పెట్టుకున్నాడు. వానలు పడేదాకా ఆ రేవుకు ఎవరూ రాకూడదని, నీళ్లకు ఎగువన ఇంకో చోటు చూసుకుని చుట్టూ ముళ్లకంప వేసుకోవాలని చెప్పి అందరినీ ఒప్పించాను. గుడ్లు పిగిలిన తరువాత ఒకసారి పోయాను. దిబ్బ తవ్వి ఉంది, లోపల ఖాళీ పెంకులున్నాయి. నరసమ్మ భయపడినట్టే జరిగిందని కూడా అప్పుడే విన్నాను. గౌడసాని రొట్టెలు ఆగిపోయాయి. ఏం తక్కువ చేసిందో అనే మాట ఊళ్లో తిరుగుతోంది.

తరువాత నన్ను జవళగేర దిక్కుకు బదిలీ చేశారు. అక్కడ కాలువలు, వరి చేలు, అడవి పందులు. పని మారినా ఆ కేసు నా పని తీరును మార్చింది. జంతువు మనిషిని తిన్నదని ఎవరు చెప్పినా, అప్పటిదాకా నేను అక్కడ ఏం మిగిలిందో చూసేవాణ్ని. ఆ తరువాత ఏం లేదో ముందు అడగడం మొదలుపెట్టాను. అది కూడా ఇంట్లో ఆడవాళ్లను అడిగేవాణ్ని. మనిషి అలవాటు మొసలికి తెలిసినంత ఇంకెవరికైనా తెలుసంటే, అది వాడితో కాపురం చేసినవాళ్లకే.

ఇంకో రెండు చిమ్నీలు లేచాక పని మీద మళ్లీ ఆ ఊరికి పోయాను. రేవులో పుట్టి నీళ్ల మీద ఉంది. కొత్త తారు నల్లగా మెరుస్తోంది. తెడ్డు నరసమ్మ చేతిలో ఉంది. నన్ను గుర్తుపట్టి ఎక్కమంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది, చేతులు గట్టిపడ్డాయి, గాజులు అలాగే ఉన్నాయి. పుట్టి ఎక్కినవాళ్లంతా ఆమెను అక్కా అంటున్నారు. దిబ్బ దిక్కు చూపించి, ఈ ఏడు కూడా గుడ్లు పెట్టిందని చెప్పింది. నది నడుమకు వచ్చాక అడుగుదామా వద్దా అనుకుంటూనే అడిగాను.

"వాని ఖబర్ ఏమన్న తెలిసిందా?"

"ఒకసారి వచ్చిండు సారు. ఆ ఒడ్డున నిలవడి, పుట్టి తెమ్మని కేకేసిండు."

"తెచ్చినవా?"

ఆమె తెడ్డు ఆపలేదు.

"ఈ నీళ్లల్ల మొసలి ఉన్నది, మునుపు మా ఇంటాయననే తిన్నది, దిగకు అని చెప్పిన. కొంచెంసేపు కూచున్నడు. తంబాకు నమిలి పోయిండు."