నేను చంపిన రాణి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన కొత్తలో మొయినాబాద్ నుంచి రోజూ మెహిదీపట్నం బస్సెక్కేదాన్ని. చేతిలో దిండంత ఇంగ్లిష్ నవల ఒకటి ఎప్పుడూ ఉండేది. ఏడు భాగాల మాయాలోకం కథ అది. చదవడం కన్నా, దాని అట్ట పదిమందికీ కనబడేలా పట్టుకోవడం మీదే నాకు శ్రద్ధ ఎక్కువ.

ఆలూరు నుంచి చామంతుల గంపతో మార్కెట్‌కు వెళ్లే ఒకావిడ పక్కన ఒకరోజు నాకు సీటు దొరికింది. అట్ట మీది మంచుకోట బొమ్మ చూసి, "గిది మాంత్రికుల కథనా చెల్లె?" అని అడిగింది. వారపత్రికల్లో వచ్చిన జానపద సీరియళ్లను వాళ్ల బాపు చింపి, కుట్టి దాచాడట. ఆవిడ అన్నీ చదివిందట.

"అవి నీకు తెస్త. నువ్వు గిది జెప్పు," అంది.

ఆ సీరియళ్లు నా స్థాయికి తగవనుకున్నాను. కానీ ఏ పుస్తకం బాగుంటుందని మా ఆఫీసులో నన్నడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే మొదలుపెట్టాను. మంచుకోటను ఏలే గుడ్డి రాణి, ఆమె మీద పగబట్టిన తమ్ముడు... నేను దిగే అప్పా జంక్షన్ వచ్చేదాకా రోజూ చెప్పేదాన్ని. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి వినేవారు. నా అంత చదువరి ఆ రూట్లోనే లేరని నాకు గట్టి నమ్మకం.

చిక్కేమిటంటే, నేను చదివింది రెండు భాగాలే. మూడోది కొన్నాను గానీ తెరవలేదు. ఆ సంగతి చెప్పడానికి నామోషీ వేసి, సొంతంగా అల్లడం మొదలుపెట్టాను. ఒక వారం ఆఫీసు పనిలో పడి ఏమీ తోచక, రాణిని పాము చేత కరిపించి చంపేశాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ప్రతిభకు నేనే మురిసిపోయాను.

ఆవిడ కూతురు చేవెళ్లలో డిగ్రీ చదివేది. ఆ పిల్ల ఎండాకాలం సెలవుల్లో ఎవరి దగ్గరో తెచ్చుకుని ఏడు భాగాలూ చదివేసింది.

"రాణి సావలేదంట గద చెల్లె. ఆఖరుకు సూపు గూడ వస్తదంట," అంది ఆవిడ.

"అది వేరే ముద్రణేమో అక్కా," అన్నాను.

"ముద్రణ మారితే మనిషి సస్తదా?"

బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా.

"అన్నీ చదవలే అక్కా. రెండే చదివిన," అన్నాను చివరికి.

"గామాట ముందే జెప్తే అయిపోవు గద. ఉత్త పుణ్యానికి ఏడ్పిచ్చినవ్."

సిగ్గుతో నాలుగు రోజులు వేరే బస్సెక్కాను. ఐదోరోజు అందులోనూ ఆవిడే ఉంది! తువ్వాల్లో చుట్టిన కుట్టు పుస్తకం నా ఒళ్లో పెట్టింది.

"గిది సదువు. ఆఖరి నాలుగు వారాలు మా బాపుకు దొర్కలే. నువ్వు మాత్రం అల్లకు."

మర్యాద కోసం మొదటి పేజీ తెరిచాను. తలెత్తేసరికి నా స్టాపు దాటిపోయి మెహిదీపట్నం. ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్లి, జరిగింది జరిగినట్టే చెప్పాను. మా మేనేజర్ నమ్మలేదు.