అరచేతుల గోడ

మా పక్కింటి కోడలు తట్టలు మోసి ఊరందరి ఇళ్లూ లేపింది. తనకు మాత్రం రేకుల పాక, అందులో కాళ్లు పడిపోయినా నోరు పడిపోని అత్తగారు. చివరికి పేదలకు ఇళ్లు కట్టించే సంఘమొకటి ఆమెకు రెండు గదులు ఇస్తానంది. కట్టడానికి విదేశాల నుంచి వాలంటీర్లు దిగారు.

మంచివాళ్లే, కాదనను. చెమటోడ్చారు, పాటలు పాడారు, ఇటుకలు మాత్రం తడపకుండా పేర్చారు. మామూలుగా అయితే వాళ్లు విమానం ఎక్కగానే మేస్త్రీ ఆ గోడలు పీకి మళ్లీ కడతాడు. ఈసారి వాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక గోడ పచ్చి సిమెంటు మీద అరచేతులు అద్దారు.

"గోడ ఒరిగింది, పీకించండి బాబూ," అని కోడలు సంఘం పెద్దను బతిమాలింది.

"వాళ్ల గుర్తులు పీకుతావా? పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది నీ వరస!" అని అతను కసిరాడు.

తొలి వానలకే ఆ గోడ మంచంలో ఉన్న అత్తగారి మీద కూలింది. ముసలామె అక్కడికక్కడే పోయింది.

మరుసటి ఏడు వాలంటీర్లు తమ గుర్తులు చూసుకుందామని వచ్చారు. గోడ లేకపోయేసరికి ఒకమ్మాయి బావురుమంది. కోడలు లోపలికి వెళ్లి ఒక పెచ్చు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అయిదు వేళ్లూ చెక్కుచెదరలేదు.

"మా అత్త గుండెల మీద దొరికింది," అంది కోడలు.

సంఘం పెద్ద ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు: "మీ చేతి గుర్తంటే ముసలామెకు ప్రాణమట. ఆఖరి క్షణం దాకా గుండెకు హత్తుకునే ఉందట."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, కోడలిని కావలించుకుని, నవ్వుతూ ఫొటో దిగింది.